పన్నీరు తీద్దాం రండి



గులాబీ రేకుల్ని నీళ్ళలో వేసి మరిగించి, వడగట్టి, ఆ ఎర్రటి నీళ్ళని సీసాకెత్తుకుని "ఇంట్లోనే పన్నీరు చేశాం" అని సంబరపడేవాళ్ళు ఈమధ్య చాలామంది కనబడుతున్నారు. ఆ నీరు చూడముచ్చటగానే ఉంటుంది. నోట వేసుకుంటే వగరు. రెండు మూడు రోజులకి వాసన మారుతుంది, ఆపైన బూజు పడుతుంది. దాన్ని గులాబీ కషాయం అనాలి. పన్నీరు ఆవిరిలోంచి పుట్టాలి. పూలని నీటితో కలిపి కాచినప్పుడు పైకి లేచే ఆవిరిని పట్టి, చల్లబరిచి, మళ్ళీ బొట్లు బొట్లుగా దించుకుంటే వచ్చేదే పన్నీరు. వాము అర్కం తీసేదీ ఈ పద్ధతిలోనే.

అలా దించిన పన్నీరు మంచినీళ్ళంత తేటగా ఉంటుంది. పువ్వు రంగుకి ఆవిరితో ఎగిరే గుణం లేదు, పరిమళానికి ఉంది. రంగూ వగరూ గిన్నెలోనే ఉండిపోతాయి, వాసన నీటిని పట్టుకుని పైకొస్తుంది. కాబట్టి కొట్లో గులాబీరంగు పన్నీరు కనబడితే అందులో రంగు కలిపారని వేరే చెప్పక్కర్లేదు.

మన ఇళ్ళలో పన్నీరు అవసరం లేని శుభకార్యం ఉందా చెప్పండి. మగపెళ్ళివారు విడిదికి రాగానే ఎదురెళ్ళి గంధం రాసి, వెండి పన్నీటి బుడ్డితో చల్లి లోపలికి తీసుకొస్తాం. సానమీద గంధం తీసేటప్పుడు కొందరు నీటికి బదులు పన్నీరు వాడతారు. గుళ్ళో అభిషేకానికి పాలు, పెరుగు, తేనెలతో పాటు పన్నీటి సీసా కూడా పట్టుకెళతాం. హైదరాబాదు పాతబస్తీలో ఫిర్నీకి, షర్బత్తుకి అది లేకపోతే ముగింపే లేదు. ఇన్నిచోట్ల వాడుతున్నాం గాని, సీసాలో ఉన్నది ఏమిటో చూసేవాళ్ళు తక్కువ. చవకరకం సీసాల్లో చాలావాటిలో ఉండేది నీరు, కృత్రిమ సువాసన, చెడిపోకుండా కలిపిన మందు. పెళ్ళిలో వధూవరుల మీదా, దేవుడి మీదా, పాయసంలోనూ అదే పోస్తున్నాం. నాకు బాధ కలిగించేది ఈ విషయమే. ఒక్కపూట తీరిక, పిడికెళ్ళకొద్దీ మంచి పూలు ఉంటే అసలు సరుకు మన పొయ్యిమీదే తయారవుతుంది. అది ఎలాగో చెప్పాలనే ఈవేళ మీ ముందుకొచ్చాను.

ముందు పువ్వు లోపలి సంగతి కొంచెం తెలుసుకుందాం. అది తెలిస్తే పొయ్యి దగ్గర ఏ పని ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది.

గులాబీ వాసన ఒక పదార్థం కాదు, కొన్ని వందల పదార్థాల కూటమి. వాటిలో ముఖ్యమైనవి నాలుగు. సిట్రోనెలోల్, జెరానియోల్, నెరోల్ అనే మూడింటికి నూనె గుణం ఎక్కువ. నాలుగోది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్. ఇది నీటిలో బాగా కరుగుతుంది. పన్నీటిలో మనకి తగిలే ఆ మెత్తటి తియ్యటి వాసన ఎక్కువగా దీనిదే. అందుకే గులాబీ అత్తరు వాసనకీ, పన్నీటి వాసనకీ అంత తేడా. ఒకే పువ్వులో పుట్టినా, నూనెని ఇష్టపడేవి అత్తరులోకి వెళ్ళిపోతాయి, నీటిని ఇష్టపడేవి పన్నీటిలో ఉండిపోతాయి.

ఈ ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌ని విడిగా మరిగించాలంటే దాదాపు 220 డిగ్రీల వేడి కావాలి. మన గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు కదా, మరి అది ఎలా పైకి వస్తుంది? నీటి ఆవిరి తోడుంటే చాలు, తన మరుగు స్థానం దాకా వెళ్ళనవసరం లేకుండానే కొద్దికొద్దిగా దానితో కలిసి లేస్తుంది. ఆవిరి పట్టి దించే విద్యకంతటికీ మూలం ఈ సూత్రమే. పువ్వుని మాడ్చకుండా, నూనెలో వేయించకుండా, నీటి వేడిలోనే దాని వాసనని బయటికి రప్పించడం. ఎవరు మొదట కనిపెట్టారోగాని మహానుభావులు.

పువ్వులో ఉండే సుగంధ తైలం మాత్రం చాలా తక్కువ. ఒక కిలో గులాబీ తైలం రావాలంటే 3,500 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. ఆ లెక్కన మనం ఇంట్లో పావుకిలో రేకులు వేస్తే అందులో తైలం రెండు మూడు చుక్కలకి మించదు. అదీ నీటిలోనే కలిసిపోతుంది. "పన్నీరు తీశాను గాని పైన నూనె తేలలేదండీ, తప్పు చేశానా?" అని ఒక సోదరి నన్ను అడిగారు. తప్పేమీ లేదమ్మా. అంత కొద్దిపాటి పూలతో తేలదు.

ఎక్కువ పూలు వేస్తే తేలుతుంది. ఆ తేలడం చూసినవారి కథ ఒకటి చరిత్రలో ఉంది. జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. ఆయన రాణి నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తయారు చేయిస్తోంది. కూజాల్లోంచి వేడివేడి పన్నీటిని పళ్ళేల్లో పోయిస్తే, పైన తెట్టు కట్టింది. ఎవరైనా అయితే తీసి పారబోసేవారు. ఆవిడ దాన్ని కొంచెం కొంచెంగా చేరదీసింది. చక్రవర్తి ఆ వాసనని ఎంతో మెచ్చుకున్నాడు. ఒక్క చుక్క అరచేతికి రాసుకుంటే సభ అంతా గుబాళిస్తుందని రాశాడు. ఆవిడకి ముత్యాల హారం బహూకరించాడు. అక్కడే ఉన్న సలీమా సుల్తాన్ బేగం దానికి ఇత్ర్-ఎ-జహంగీరీ అని పేరు పెట్టింది. అత్తరు గొప్పదనం గురించి ఈ కథని అందరూ చెబుతారు. నాకు నచ్చేది వేరు. ఒక గృహిణి తన పని దగ్గర కళ్ళు తెరుచుకుని నిలబడింది. పళ్ళెంలో కట్టిన తెట్టుని గమనించింది. పన్నీరు తీయడానికి కావలసిన గుణం అదే.

ఆ విద్య ఇప్పటికీ సజీవంగా ఉన్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. అక్కడ రాగి డేగులుంటాయి. డేగు అంటే పెద్ద రాగి బాన. అందులో పూలు, నీరు పోసి, మూత చుట్టూ బంకమన్నూ దూదీ కలిపి మెత్తి ఆవిరి బయటికి పోకుండా బిగిస్తారు. మూతలోంచి ఒక వెదురు గొట్టం బయలుదేరి, నీళ్ళ తొట్టెలో కూర్చోబెట్టిన మరో రాగి పాత్రలోకి దిగుతుంది. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట ఉన్న ఆ పాత్రని భప్కా అంటారు. కింద కట్టెలూ పిడకలూ మండుతుంటాయి. ఇందులో వేడి చూసే మీటరు లేదు, గడియారం మీద నమ్మకం లేదు. పనివాడు నీళ్ళలోకి చెయ్యి పెట్టి భప్కా పొట్టని తడిమి చూస్తాడు. ఎంత నిండిందో, ఆవిరి ఎంత జోరుగా వస్తోందో అతని అరచేతికి తెలుస్తుంది. మంట ఎక్కువైతే ఒక కట్టె లాగేస్తాడు. తొట్టెలో నీరు వెచ్చబడితే మారుస్తాడు. కన్నౌజ్ పరిమళానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఇవ్వవలసిందే.

మనకి ఇంకా దగ్గరలో, శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా ఉంది. అక్కడ ఇదే డేగు, ఇదే భప్కాతో మొగలిపూల నుంచి కేవడా నీరు దించుతారు. హైదరాబాదు బిర్యానీలో చిలకరించే కేవడా నీటికి అసలు పుట్టిల్లు ఆ తీరమే. గులాబీ విషయానికొస్తే రాజస్థాన్‌లో పుష్కర్, ఉత్తరప్రదేశ్‌లో అలీగఢ్ ప్రాంతం, ఇరాన్‌లో కాషాన్ దగ్గరి కమ్సర్, బల్గేరియాలో కజన్‌లక్ లోయ పేరుపడ్డ చోట్లు. వీళ్ళందరూ వాడేది ఒకటే జాతి, డమాస్క్ గులాబీ. ఏడాదికి మూడు నాలుగు వారాలే విరగబూస్తుంది. ఆ నాలుగు వారాలు ఊళ్ళకి ఊళ్ళు తెల్లవారకముందే తోటల్లో ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ రేకుల్లోని పరిమళం గాలిలో కలిసిపోతుంది మరి.

ఇక మన వంటింట్లోకి వద్దాం.

లోతుగా, వెడల్పుగా, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె ఒకటి తీసుకోండి. అల్యూమినియం వద్దు. దానికి ఉబ్బుగా ఉండి, మధ్యలో పిడి ఉన్న మూత కావాలి. పిడి కూడా స్టీలుదే అయ్యుండాలి, ప్లాస్టిక్ అయితే వేడికి వాసనేస్తుంది. గిన్నె మధ్యలో పొడుగాటి స్టీలు స్టాండు గాని, శుభ్రంగా కడిగి నీళ్ళలో మరగబెట్టిన నున్నటి రాయి గాని పెట్టండి. దాని మీద ఒక చిన్న గిన్నె. స్టాండు చుట్టూ గులాబీ రేకులు పరవండి. రేకులు మునిగీ మునగనట్టు నీరు పోయండి. నీరు స్టాండు ఎత్తుకి రెండంగుళాలు కిందే ఉండాలి. లేకపోతే మరిగినప్పుడు చిట్లి చిన్నగిన్నెలో పడుతుంది, ఎర్రటి కషాయం పన్నీటిలో కలుస్తుంది. నీటికొస్తే, బోరునీళ్ళలోని ఉప్పు ఆవిరితో రాదు గనక దానికి భయపడనక్కర్లేదు. కుళాయి నీళ్ళకి క్లోరిన్ వాసన ఉంటే మాత్రం అది పైకొస్తుంది. ముందురోజు కాచి చల్లార్చిన నీరు మేలు.

ఇప్పుడు మూతని తిరగేసి పెట్టండి. పిడి కిందికి చూస్తూ, సరిగ్గా చిన్నగిన్నె మీదికి రావాలి. మూత అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తండి, దమ్ బిర్యానీకి చేసినట్టే. మూతకి ఆవిరి కన్నం ఉంటే దాన్నీ పిండితో మూసేయండి. తిరగేసిన మూత ఒక పళ్ళెంలా ఉంటుంది కదా, అందులో ఐసు ముక్కలు వెయ్యాలి. ఐసుని గట్టి ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పెడితే, కరిగినప్పుడు ఆ మూట తీసి ఇంకొకటి పెట్టుకోవడం తేలిక. ఫ్రీజర్‌లో రెండు మూడు మూటలు ముందే సిద్ధం చేసుకోండి.

పొయ్యి వెలిగించి నీరు కాగేదాకా మధ్యరకం మంట పెట్టండి. కాగిందని శబ్దం చెబుతుంది. అప్పుడు మంట బాగా తగ్గించాలి. ఆవిరి లేచి చల్లటి మూతకి తగిలి బొట్లు కడుతుంది. ఆ బొట్లు మూత వంపు వెంట మెల్లగా జారి పిడి కొనకి చేరి, ఒక్కొక్కటే చిన్నగిన్నెలో పడతాయి. చెవి దగ్గరగా పెడితే వినబడుతుంది, టప్ మని. కాసేపు ఆగి మళ్ళీ టప్. ఆ చప్పుడు తీరికగా, ఒక లయలో ఉందంటే పని సవ్యంగా సాగుతున్నట్టు. జోరుగా పడుతుంటే మంట ఎక్కువైనట్టు. ఇల్లంతా గులాబీ వాసన గుప్పుమంటుంటే సంతోషించకండి. పరిమళం సీసాలోకి రావలసింది, కిటికీలోంచి పోతోంది. పిండి ఎక్కడ విడిందో చూసి మళ్ళీ మెత్తండి. అస్తమానం మూత ఎత్తి చూడొద్దు. ఎత్తిన ప్రతిసారీ కొంత ఆవిరి పోతుంది.

ఎంతవరకు తీయాలి? చాలామంది ఇక్కడే ఆశపడతారు. పనికొచ్చే కొలత ఒకటి చెబుతాను. ఎన్ని గ్రాముల రేకులు వేశారో అన్ని మిల్లీలీటర్లకి మించి దించొద్దు. పావుకిలో రేకులకి పావులీటరు. చిక్కగా కావాలంటే అందులో సగం దగ్గరే ఆపేయండి. ఇంకా సులువైన గుర్తు ముక్కే. మొదట దిగే నీటిలో పచ్చి గులాబీ వాసన ఉంటుంది. తర్వాత తేనెలాంటి తీపి వాసన కలుస్తుంది. ఆపైన ఒక దశలో ఉడికిన ఆకుకూర వాసన మొదలవుతుంది. అది తగిలిందంటే పన్నీరు అయిపోయింది. ఆ తర్వాత దిగేది పన్నీటిని పాడుచేసే నీరే. పావుకిలో రేకులతో ఇదంతా ముప్పావుగంట నుంచి గంటలో తేలిపోతుంది. గిన్నెలో నీరు ఇగిరిపోయి రేకులు అడుగంటనివ్వకండి. ఒక్కసారి మాడు వాసన పట్టిందంటే మొత్తం పారబోయడమే.

చల్లారాక తీసి వాసన చూస్తే కొందరికి నిరాశ కలుగుతుంది. "పువ్వంత బాగా లేదే" అంటారు. కొత్తగా దించిన పన్నీటిలో పొయ్యి వాసన కొంత ఉంటుంది. సీసాలో పోసి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ వాసన సర్దుకుని గులాబీ పైకి వస్తుంది. ఈ ఓపిక లేక మంచి పన్నీటిని పారబోసినవాళ్ళు నాకు తెలుసు.

ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసేసి రబ్బరు గొట్టం తగిలించి పన్నీరు తీయమని కొందరు సలహా ఇస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. రేకులు మెత్తబడి ఆ సన్నటి ఆవిరి దారిలో అడ్డం పడితే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పన్నీటి కోసం ప్రమాదం కొనితెచ్చుకోనక్కర్లేదు. మూత తిరగేసే పద్ధతి నిదానమే గాని నిశ్చింత.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఎత్తు, పువ్వు ఒక ఎత్తు. నిజం చెప్పాలంటే పన్నీరు గిన్నెలో తయారుకాదు, మొక్క మీదే తయారవుతుంది. బొకేల్లో, స్టేజీ అలంకరణలో వాడే పొడుగు కాడల గులాబీలు చూశారుగా, వాటిని ముక్కు దగ్గర పెట్టి చూడండి. చాలావాటికి వాసనే ఉండదు. వాటిని ఎక్కువ రోజులు వాడిపోకుండా ఉండటానికీ, దూరాలు ప్రయాణం చేయడానికీ పెంచారు. వాసన ఎవరూ అడగలేదు, పోయింది. లేని పరిమళాన్ని ఏ విద్యా దించలేదు. అదీగాక అమ్మకానికి పండించే పూల మీద తామర పురుగుకి, నల్లికి మందులు కొడతారు. దండగా అల్లుకునే పువ్వు మీద మందు ఉంటే ఏదోలే అనుకోవచ్చు. అదే పువ్వుని నీటిలో మరిగించి పాయసంలో కలుపుకోకూడదు. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో కిలోల్లెక్కన దొరికే పూలు ఎంత ముద్దొచ్చినా, పన్నీటికి వాటిని తేవద్దనే నేను చెబుతాను. ఎక్కడ, ఎలా పండించారో రైతు నోట విన్నాక అయితే సరే.

మరి ఏ పువ్వు? డమాస్క్ గులాబీకి చలి కావాలి. అందులోనే పాలంపూర్‌లోని పరిశోధన సంస్థ జ్వాల, హిమరోజ్ అనే రకాల్ని, లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ నూర్జహాన్, రాణీసాహిబా అనే రకాల్ని తయారుచేశాయి. సీమ్యాప్‌కి హైదరాబాదు బోడుప్పల్‌లోనూ ఒక కేంద్రం ఉంది. సుగంధ మొక్కలు వేయాలనుకునే రైతులు అక్కడ సలహా అడగవచ్చు. ఇంట్లో కుండీల్లో పెంచుకునేవారికి మాత్రం నా ఓటు ఎడ్వర్డు గులాబీకే. నర్సరీల్లో కొందరు పన్నీరు గులాబీ అంటారు, కొందరు నాటు గులాబీ అంటారు. లేత ఎరుపు కలిసిన గులాబీరంగు, చిన్న పువ్వు, ముద్దగా ఉంటుంది, రేకులు త్వరగా రాలిపోతాయి. మాలల్లో కట్టే విడిపూలలో ఇదీ ఒకటి. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివారి రీయూనియన్ దీవిలో, రెండు వందల ఏళ్ళ కిందట, కంచెగా వేసిన డమాస్క్ గులాబీకీ చైనా గులాబీకీ కలిసి పుట్టిన సంతానం ఇది. డమాస్క్ వైపు నుంచి వాసన వచ్చింది, చైనా వైపు నుంచి ఏడాది పొడుగునా పూసే గుణం వచ్చింది. మన ఎండల్ని తట్టుకుంటుంది. కొమ్మ నాటితే బతుకుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క మొక్కతో పావుకిలో రేకులు ఒకేసారి రావు. నాలుగైదు మొక్కలుంటే, పూత బాగా ఉన్న వారంలో రోజూ పొద్దున్నే కోసి, రేకులు విడదీసి, తడి లేకుండా గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు రోజుల వరకు దాచుకోవచ్చు. మూడో రోజుకి వాసన తగ్గుతుంది. సగమే పోగైతే సగం గిన్నే పెట్టుకోండి. తక్కువ తీయడంలో తప్పులేదు. కోయడం మాత్రం ఎండ పొడ తగలకముందే. సగం విచ్చిన పువ్వు అన్నిటికంటే మంచిది. ఎండబెట్టిన రేకులు అంగట్లో దొరుకుతాయి గాని, ఎండేటప్పుడే పరిమళంలో ఎక్కువ భాగం వెళ్ళిపోయి ఉంటుంది. వాటితో వచ్చే పన్నీరు నీరసంగా ఉంటుంది.

దాచుకునే సంగతి. గాజు సీసాలు, చిన్నవి. పావుగంట నీళ్ళలో మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరాక పోయాలి. రంగు గాజు అయితే మరీ మంచిది. ఇంట్లో తీసిన పన్నీటిలో చెడిపోకుండా కాపాడే మందేమీ ఉండదు గనక, బయట పెట్టొద్దు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు నిక్షేపంగా ఉంటుంది. సీసాలోకి దూది, వేలు, తడి చెంచా పెట్టకండి. కావలసినంత చేతిలోకి వంపుకోండి. నీరు మసకబారినా, అడుగున దారపు పోగుల్లాంటివి కనబడినా ఆలోచించకుండా పారబోయండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. కళ్ళు మండితే, ఎర్రబడితే పన్నీరు చుక్కలు వేసుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటు. ఇంట్లో తీసిన పన్నీరు గాని, కొట్లో కొన్నది గాని కళ్ళలో వేసుకోవద్దు. కంటి చుక్కల మందు సూక్ష్మజీవి ఒక్కటీ లేని స్థితిలో తయారవుతుంది. వంటింటి గిన్నెకి ఆ శుద్ధి రాదు. కన్ను బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మూసిన రెప్పల మీద పన్నీటిలో తడిపిన చల్లటి దూది పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అంతవరకే. ముఖానికి, ముల్తానీ మట్టిలో కలుపుకోవడానికి వాడుకోవచ్చు. ముందు మోచేతి మడతలో రాసి ఒకరోజు చూసుకోండి. మొటిమలు మాయమవుతాయి, నల్లమచ్చలు పోతాయి అని చెప్పేవాళ్ళని నమ్మకండి. పన్నీరు చల్లదనాన్నిస్తుంది, మనసుకి ఆహ్లాదాన్నిస్తుంది. ఆ రెండూ తక్కువ వరాలేం కావు.

వంటలోకైతే, పొయ్యి ఆర్పాకే కలపాలి. మరుగుతున్న పాకంలో పోస్తే ఎంతో ఓపికగా పట్టుకున్న పరిమళం అదే ఆవిరి దారిన మళ్ళీ ఎగిరిపోతుంది. సేమ్యా పాయసం, బాదంపాలు, ఫిర్నీ, నిమ్మకాయ షర్బత్తు, ఏదైనా సరే, చల్లారాక గ్లాసుకి ఒక చెంచా. ఇంటి పన్నీరు కృత్రిమ ఎసెన్సులా నాలుక మీద చేదు మిగల్చదు. అలవాటు పడినవారు మళ్ళీ సీసా ఎసెన్సు జోలికి వెళ్ళరు. నైవేద్యం పాయసంలో మాత్రం మరీ ఎక్కువ పోయకండి, ఏలకుల వాసన కూడా బతకాలి కదా.

గిన్నెలో మిగిలిన నీరు ముదురు రంగులో, వగరుగా ఉంటుంది. స్నానం నీళ్ళలో కలుపుకోవచ్చు. రేకుల పిప్పి మొక్కల మొదట్లోకే.

ఇంట్లో తీసే వీలు లేనివారు కొనుక్కోవలసిందే. అప్పుడు సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. రోజ్ డిస్టిలేట్ అనో, రోసా డమాసీనా ఫ్లవర్ వాటర్ అనో మొదటి వరసలో ఉంటే ఒక నమ్మకం. ఫ్రాగ్రెన్స్, పర్‌ఫ్యూమ్, రంగు అని రాసి ఉంటే అది సెంటు కలిపిన నీరు. బాహ్య వాడకానికి మాత్రమే అని ఉన్నదాన్ని వంటలోకి, అభిషేక తీర్థంలోకి తేవద్దు. పన్నీటిని దేవుడి మీద పోసి, ఆ తీర్థాన్ని పిల్లల చేతుల్లో పోస్తున్నాం కదా, ఆ సీసా ఏదో ఒక్కసారి తిప్పి చూడటం మన ధర్మం.

చివరగా ఒక కోరిక. ఈసారి కడియం నర్సరీల వైపు వెళ్ళినా, మీ ఊళ్ళో నర్సరీకి వెళ్ళినా, గులాబీ మొక్క కొనేముందు పువ్వు రంగూ సైజూ చూసి డబ్బులివ్వకండి. వంగి వాసన చూడండి. వాసన లేని మొక్కని వద్దనండి, వాసన ఉన్న నాటు మొక్కే కావాలని అడగండి. పదిమంది అడిగితే నర్సరీ వాళ్ళు తెప్పిస్తారు. ఆ మొక్క మీద మందులు కొట్టకుండా పెంచండి. పొరుగింటివారు కొమ్మ అడిగితే లేదనకుండా కత్తిరించి ఇవ్వండి. మీ ఇంట జరిగే మొదటి శుభకార్యంలో పన్నీటి బుడ్డిలో మీరు దించిన పన్నీరే పోయండి.